గొళ్లెం పెట్టని రోజు

2011 జూలై 3, ఆదివారం

ఈ డైరీ అంకుల్ నాకిచ్చి నాలుగు నెలలాయె. గోదావరిఖని బొగ్గు గనిల పనిచేసేటోళ్లకు కంపెనీ ఏటా ఒకటి ఇస్తదట. "నాకు రాసుకునేదేముందమ్మా, నువ్వు రాసుకో, ఆయ్" అన్నడు. అంకుల్, ఆంటీ ఇద్దరు మాట చివర "ఆయ్" అంటరు. గోదావరి జిల్లా వాళ్లు గట్లనే అంటరట. మొదట్ల నవ్వొస్తుండె. ఇప్పుడు వస్తలేదు.

రేపు స్కూల్ల ఫారం ఇయ్యాలె. పదో తరగతి కాబట్టి తప్పులు ఉండొద్దన్నడు సార్. పేరు సంధ్యారాణి. తండ్రి పేరు పోశం, పక్కన "లేరు" అని రాసిన. తల్లి పేరు సారవ్వ. ఆ కింద సంరక్షకుని పేరు. అక్కడ సత్తిబాబు అని రాసిన. అంకుల్ పేరు నేను రాసుడు ఇదే మొదలు. దాని కింద "సంబంధం" అని ఒక గీత ఉన్నది. అది ఖాళీగ వదిలిపెట్టిన.

ఆంటీ కళ్లజోడు పెట్టుకొని చూసింది. "ఇది రాయలేదేంటమ్మా?"

"ఏం రాయాలె?"

ఆంటీ కూడ కొద్దిసేపు ఆలోచన చేసింది. కరీంనగర్ పిల్లల సంక్షేమ కమిటీ వాళ్లు ఇచ్చిన కాయితంల "పెంపుడు సంరక్షణ" అని ఉన్నది. పెంపుడు అంటే నాకు కుక్కపిల్లలు యాదికొస్తయ్. చివరికి "పక్కింటి వాళ్లు" అని రాసిన. అబద్ధమేం కాదు. నాన్న ఉన్నప్పుడు మా క్వార్టరు వీళ్ల లైన్లనే ఉండె. అమ్మ ఆంటీ దగ్గరనే కుట్టు నేర్చుకున్నది.

అయినా ఇది కొన్ని రోజులకే. దసరాకు అమ్మ దగ్గరికి పోత.

జూలై 10, ఆదివారం

నెలల రెండో ఆదివారం అమ్మను చూడవోవాలె. కమిటీ వాళ్లు గట్ల రాసిండ్రు. ఈసారి పోలె. రేపు లెక్కల టెస్టు ఉన్నది.

జూలై 11

టెస్టు పెట్టలె. సార్ రాలె.

జూలై 24, ఆదివారం

వాన. అంకుల్‌ది మొదటి షిఫ్టు. ఆంటీ రవికెలు కుడుతున్నది. నాకు పని లేదు.

నాన్న గుండె ఆగి పోయినప్పుడు నేను ఏడో తరగతి. క్వార్టరు ఖాళీ చేసి గాంధీనగర్‌ల కిరాయి ఇంటికి పోయినం. ఒక ఏడాది అమ్మ మంచిగనే ఉండె. తర్వాత మధ్యాహ్నం బొగ్గుబాయి సైరన్ మోగంగనే టిఫిన్ డబ్బా పట్టుకొని బయలుదేరుడు మొదలుపెట్టింది. నాన్నకు రెండో షిఫ్టు ఉన్నదని, అన్నం మరిచిపోయిండని. గేటు దగ్గర ఉన్నోళ్లు అమ్మను ఎరిగినోళ్లే. కూసోబెట్టి చాయ తాపి ఇంటికి పంపేటోళ్లు. డబ్బా తీసి చూస్తే ఖాళీగ ఉండేది.

తర్వాత గేటు దాక కాదు, ఇంకా దూరం పోవుడు మొదలైంది. నేను బడికి పోయేటప్పుడు బయట గొళ్లెం పెట్టి పోవాలని ఇంటి ఓనరమ్మ చెప్పింది. పెట్టేదాన్ని. సాయంత్రం వచ్చి తీసేదాన్ని. లోపల అమ్మ అదే చోట కూసొని ఉండేది.

పోయిన సెప్టెంబర్ల ఒకరోజు గొళ్లెం ఊడిపోయింది. పాత తలుపు. అమ్మ ఎల్లిపోయింది. నాలుగు రోజులకు కాజీపేట స్టేషన్ల దొరికింది. కాళ్లు పుండ్లు పుండ్లు అయినయ్. అక్కడినుంచి దవాఖానకు తీసుకపోయిండ్రు. నన్ను కరీంనగర్‌ల ఆడపిల్లల హాస్టల్ల పెట్టిండ్రు. ఐదు నెలలున్న. ఫిబ్రవరిల అంకుల్, ఆంటీ వచ్చి సంతకాలు పెట్టి తెచ్చుకున్నరు.

అమ్మ మే నెలల దవాఖాన నుంచి వచ్చింది. ఇప్పుడు గోదావరి అవతల నస్పూర్‌ల మా మేనమామ రాయమల్లు ఇంట్ల ఉన్నది. రోజు గోలీలు వేసుకుంటున్నదట. మంచిగున్నదట.

తలుపు చెక్క పుచ్చిపోయి ఉండె. గొళ్లెం మొలలు వదులైనయ్.

ఆగస్టు 14, ఆదివారం

ఇయ్యాల పోయిన. ఆంటీ బస్సెక్కిచ్చింది. గోదావరి నిండ నీళ్లు. బ్రిడ్జి మీద ఒకాయన కిటికీల నుంచి రూపాయి ఏసి దండం పెట్టుకున్నడు.

అమ్మ లావైంది. గోలీలతోని అట్ల అయితదని అత్త చెప్పింది. చేతులు కొద్దిగ వణుకుతయ్. జుట్టు చక్కగ దువ్వుకొని జడేసుకున్నది. నన్ను చూసి లేసి నిలబడ్డది. దగ్గరికి రాలె. నేను కూడ పోలె. ఇద్దరం ఎవరో కొత్తోళ్ల లెక్క నిలబడ్డం.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"మళ్ల తింటవా?"

"తింట."

అన్నం పెట్టి ఎదురుంగ కూసున్నది. నేను తింటుంటే చూసింది. పప్పుల ఉప్పు ఎక్కువైంది. చెప్పలె. నేను మాటిమాటికి తలుపు దిక్కు చూస్తున్ననట. అమ్మ అడిగింది, ఎవలన్న వస్తరా అని. ఎవరు రారు. నాకే ఎందుకో కళ్లు అటు పోతున్నయ్.

మామ డ్యూటీ దిగి వచ్చిండు. మొఖం కడుక్కొని నా పక్కన కూసున్నడు. "కోడలా, దసరా ఎల్లినంక ఈడికే వచ్చెయ్. తల్లిని చూసుకోవాలె గదా. అత్తకు మోకాళ్లు నడువనిస్తలేవు. నేను బాయిల దిగితే పైన ఏమైతున్నదో నాకు తెల్వది. పది పరీక్ష ప్రైవేటుగ కట్టుకుందువు."

"సరే మామ" అన్న.

అమ్మ కంచం తీసుకొని లోపలికి పోయింది.

ఐదు గంటల బస్సు ఉన్నది. నేను మూడున్నర బస్సుకే వచ్చిన.

ఆగస్టు 15

సరే అని ఎందుకన్న? అనాలె కాబట్టి అన్న. తల్లి దగ్గర బిడ్డ ఉంటది. దీంట్ల అడగాల్సింది ఏమున్నది.

సెప్టెంబర్ 11, ఆదివారం

పోలె. ఒళ్లు వెచ్చగుండె. ఆంటీ థర్మామీటరు పెట్టింది. జ్వరం లేదన్నది. అయినా వద్దులే, పడుకో అన్నది.

సెప్టెంబర్ 13

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలన్ని బంద్. సైరన్ మోగితే దిగేటోళ్లు లేరు. స్కూలు బంద్.

సెప్టెంబర్ 19

బస్సులు కూడ బంద్. ఇగ నస్పూర్ ఎట్ల పోవాలె.

సెప్టెంబర్ 20

ఆంటీ కూరగాయల మార్కెట్‌కు నన్ను తీసుకపోతున్నది. నాలుగు రోజులైంది ఇట్ల. ఇంతకుముందు ఒక్కతే పోయేది. ఇప్పుడు సంచి పట్టుకొని నా వెనక నిలబడుతది. చెవిల చెప్తది, నేను పైకి అడుగుత.

"గోంగూర ఎంతో అడుగమ్మా."

"పుంటికూర కట్ట ఎంత అవ్వా?"

ఇంటికి వచ్చినంక నేనే అడిగిన, ఎందుకు ఆంటీ మీరు మాట్లాడుతలేరని. ఆంటీ పుంటికూర ఆకులు తెంపుకుంట చెప్పింది. "ఎవరూ ఏమీ అనలేదమ్మా. నేనే. నోరు తెరిస్తే ఏ ఊరో తెలిసిపోతుంది కదా. ఇరవై ఏడేళ్లయింది ఇక్కడికొచ్చి. ఇప్పుడు కొత్తగా సిగ్గేస్తోంది."

నేను పక్కన కూసొని ఆకులు తెంపిన. రేపు కూడ పోదామా అని అడిగిన. నాకు మార్కెట్ అంటే ఇష్టం లేకుండె ఇంతకుముందు.

సెప్టెంబర్ 22

అంకుల్ రోజు పొద్దున తయారై సమ్మె టెంటుకు పోతడు. అందరితోని చాప మీద కూసుంటడు. ఇయ్యాల పదింటికే తిరిగొచ్చిండు. చెప్పులు విప్పి, బకెట్ తీసుకొని చెట్లకు నీళ్లు పోసుడు మొదలుపెట్టిండు. నిన్న వాన పడ్డది. చెట్లకు నీళ్లు అవసరం లేదు.

ఆంటీ బయటికి పోయి నిలబడ్డది. "ఏమైందండీ?"

"ఏం కాలేదు. ఎల్లేశం మంచిగానే చెప్పాడు. బయటోళ్లు వస్తున్నారు, ఎవరైనా ఏదైనా అంటే బాగుండదు సత్తన్నా, నువ్వు ఇంటికాడ ఉండు అన్నాడు."

ఎల్లేశం కాక అంకుల్‌తోని ఒకటే షిఫ్టుల పనిచేస్తడు. పండుగకు మటన్ పంపిస్తడు.

"పోనీ ఉండండి" అన్నది ఆంటీ.

అంకుల్ బకెట్ కింద పెట్టిండు. "ఇరవై తొమ్మిదేళ్ల నుంచి వాళ్లతోనే కిందకి దిగుతున్నానే. పైన మాత్రం వేరేగా కూర్చోమంటే ఎలా?"

సెప్టెంబర్ 23

అంకుల్ మళ్ల పోయిండు. మధ్యాహ్నం దాక కూసొని వచ్చిండు. ఎల్లేశం కాకనే బండి మీద ఇంటికాడ దింపి పోయిండు. ఇద్దరు ఏం మాట్లాడుకున్నరో తెల్వదు.

సెప్టెంబర్ 28, బుధవారం

మామ వచ్చిండు. నస్పూర్ నుంచి దోస్తు మోటర్‌సైకిల్ మీద. నేను లోపల చదువుకుంటున్న. పుస్తకం మూయలె, చదువలె.

అంకుల్ కుర్చీ వేసిండు. మామ కూసోలె.

"పిల్లను తీసుకపోదామని వచ్చిన అన్నా."

"కమిటీ వాళ్లతో చెప్పారా?" అన్నడు అంకుల్.

"మా పిల్లను తీసుకపోతందుకు కమిటీ ఎందుకు? రేపు తెలంగాణ వస్తది. మా ఆడపిల్ల ఆంధ్రోళ్ల ఇంట్ల పెరుగుతాందంటే నలుగురు నన్ను ఏమంటరు? అన్నం పెట్టలేకపోయిండంటరు."

ఆంటీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మామ తాగిండు. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాల్నో తెల్వక చేతులనే పట్టుకున్నడు.

"మీకు అన్నం పెట్టే శక్తి లేదని ఎవరూ అనరన్నయ్యా" అన్నది ఆంటీ. "ఎండలో వచ్చారు. ముందు భోజనం చేయండి."

మామ తిన్నడు. రెండోసారి పెట్టిచ్చుకున్నడు కూడ. పోయేటప్పుడు మెల్లగ, "నేను కమిటీకే అర్జీ పెడత. పద్ధతిగనే తీసుకపోత" అన్నడు. నా దిక్కు చూసి, "సరే అన్నవ్ గదా కోడలా" అన్నడు.

తల ఊపిన.

ఆయన పోయినంక ఆంటీ మిషన్ మీద కూసున్నది. ఒక కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ల కుట్టింది. అది కూడ వంకరనే పోయింది. బట్ట పక్కకు పెట్టి, "నువ్వు సరే అన్నావామ్మా?" అని అడిగింది.

"అన్న."

"మంచిదే" అన్నది. లేసి దీపం పెట్టపోయింది. సూర్యుడు ఇంకా ఉన్నడు.

అక్టోబర్ 2, ఆదివారం

అంకుల్ స్కూటర్ మీద నస్పూర్ తీసుకపోత అన్నడు. పెట్రోల్ దొరుకుతదో లేదో అన్న. ట్యాంకుల ఉన్నదన్నడు. తొవ్వల ఎక్కడన్న ఆపుతరేమో అన్న. అంకుల్ నా దిక్కు చూసి హెల్మెట్ మళ్ల గోడ మొలకు తగిలేసిండు.

ఆటోలు నడుస్తున్నయ్. నేను చూసిన.

అక్టోబర్ 6

దసరా అయిపోయింది. సమ్మె ఉన్నది కాబట్టి కదులుడు కుదరలె.

అక్టోబర్ 19

బస్సులు నడుస్తున్నయట.

అక్టోబర్ 20

నడుస్తున్నయ్. అంకుల్ డ్యూటీకి పోయిండు. స్కూల్ తెరిచిండ్రు.

అక్టోబర్ 23, ఆదివారం

ఇప్పుడు ఏం చెప్పాలె ఆంటీకి? ఏం చెప్పకున్నా అడుగుతలేదు. అడిగితే బాగుండు.

గొళ్లెం గురించి రాసింది మళ్ల చదివిన. మొలలు వదులైనయ్ అని రాసిన. ఊడిపోలె. నేను సరిగ్గ పెట్టలేదేమో. ఆ రోజు బడిల సైన్సు ఫెయిర్ ఉండె. తొందరల ఉన్న. తొందరల సగం పెట్టి పోయి ఉంట.

నవంబర్ 7

కమిటీ నుంచి కాయితం వచ్చింది. డిసెంబర్ 7న కరీంనగర్ రావాలె. నేను, అమ్మ, మామ, అంకుల్, ఆంటీ. మామ అర్జీ మీద మాట్లాడుతరట. నన్ను వేరేగ అడుగుతరట.

"ఏమడుగుతారో అని భయపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నది ఆంటీ.

నవంబర్ 9

ఉన్నది ఉన్నట్టు.

ఆ రోజు పొద్దున అమ్మ నా సైన్సు అట్టల మీద నీళ్లు పోసింది. కావాలని కాదు. గచ్చు కడుగుతున్ననని. పది రోజులు చేసిన అట్టలు. గుండెకాయ బొమ్మ, రంగులన్ని కారిపోయినయ్. నేను ఒక్క మాట అనలె. అన్నం కలిపి పెట్టిన. గోలీలు అప్పుడు లేవు. జడేసిన. చెప్పులు తొడుక్కొని బయటికొచ్చి తలుపు దగ్గరికేసిన.

గొళ్లెం మీద చెయ్యి పెట్టిన. ఇనుము చల్లగుండె.

పెట్టలె.

పోతే పోనియ్ అనుకున్న.

మర్చిపోలె. తొందర లేకుండె. మొలలు గట్టిగనే ఉండె. నేను వాడ చివరి దాక నడిచి ఒకసారి తిరిగి కూడ చూసిన. తలుపు మూసే ఉన్నది. బడికి పోయిన. కారిపోయిన అట్టనే పెట్టిన. సైన్సు సార్ బాగుందన్నడు. సాయంత్రం వచ్చేసరికి తలుపు తెరిచి ఉన్నది. ఓనరమ్మ అడిగితే, గొళ్లెం ఊడిపోయినట్టుంది అన్న. మామకు గదే చెప్పిన. పోలీసులకు గదే చెప్పిన. నాకు కూడ గదే చెప్పుకున్న.

అందుకే నేను నస్పూర్ పోవాలె. అమ్మను చూసుకోవాలె. నాకు ఇష్టం ఉన్నదా లేదా అన్నది లెక్కకు రాదు.

అందుకే నస్పూర్ పోబుద్ధి కాదు.

నవంబర్ 13, ఆదివారం

పొద్దున ఏడు గంటల బస్సుకు పోయిన. ఎవరు పొమ్మనకముందే.

మామ మొదటి షిఫ్టుల ఉన్నడు. అత్త పక్కింటికి పోయింది. అమ్మ అర్రల మిషన్ పెట్టుకొని లంగాలు కుడుతున్నది. పాత మిషన్, మామ ఎవరి దగ్గరనో తెచ్చిచ్చిండట. వాడకట్టోళ్లు బట్టలు ఇస్తున్నరట. చేతుల వణుకు తగ్గింది. నేను బట్ట అంచు పట్టుకొని కూసున్న. అమ్మ తొక్కుతున్నది. మిషన్ చప్పుడుల మాట్లాడుడు అల్కగ ఉంటదనుకున్న.

"అమ్మా, ఆ రోజు గొళ్లెం నేను పెట్టలె."

మిషన్ ఆగింది.

"ఎరికే" అన్నది అమ్మ.

నాకు అర్థం కాలె. అమ్మ సూది కింది నుంచి బట్ట తీసి దారం కొరికింది. "రోజు నువ్వు పోంగ గొళ్లెం చప్పుడు ఇనపడేది. ఆ చప్పుడు అయినంక నీ చెప్పుల చప్పుడు. ఆ పొద్దు చెప్పుల చప్పుడే ఇనపడ్డది. అన్ని మర్చిపోయిన గని అది యాదున్నది. చాన సేపు తలుపు దిక్కే చూసిన. మర్చిపోయింది పిల్ల, మళ్ల ఉరికొస్తదేమో అనుకున్న."

"మర్చిపోలె. పోతే పోనియ్ అనుకున్న."

అది కూడ చెప్పిన. చెప్పొద్దనుకున్న గని చెప్పిన.

అమ్మ నన్ను చూసింది. ఇదివరకటి లెక్క నా వెనక ఎక్కడో చూసుడు కాదు. నన్నే చూసింది.

"కోపం రావాలె నాకు. వస్తలేదు బిడ్డా. సిగ్గయితాంది. పద్నాలుగేండ్ల పోరి తల్లిని లోపలేసి గొళ్లెం పెట్టి బడికి పోవుడు ఏంది. అది నీతోని ఎవలు చేయించిండ్రు? నేనే గదా."

"నీకు పానం బాగలేకుండె."

"లేకుండె. మరి నీకు బాగుండెనా?"

అమ్మ మళ్ల బట్ట మిషన్ కింద పెట్టింది, తొక్కలె. "ఇంకొకటి చెప్తా ఇను. నువ్వు గొళ్లెం పెట్టి ఉంటే నేను గా ఇంట్లనే ఉందును. ఇంకో ఏడాది, రెండేండ్లు. దవాఖానకు ఎవలు తీసుకపోతుండిరి? కాజీపేటల దొరికిన కాబట్టి పోలీసోళ్లు తీసుకపోయిండ్రు. గట్లని నువ్వు చేసింది మంచిదని అంటలేను. రైలు కింద పడితే ఏమైతుండె. జరిగింది గిట్ల జరిగింది అంటున్న."

తర్వాత తొక్కుడు మొదలుపెట్టింది. నేను అంచు పట్టుకున్న. ఏడుస్తననుకున్న. ఏడుపు రాలె. బాగ ఆకలైంది. అమ్మ వండిన చిక్కుడుకాయ కూర రెండుసార్లు పెట్టుకొని తిన్న. ఈసారి ఉప్పు సరిపోయింది.

ఐదు గంటల బస్సుకు వచ్చిన.

డిసెంబర్ 7, బుధవారం

కరీంనగర్. అంకుల్ లీవు పెట్టిండు. ఆంటీ మంచి చీర కట్టుకున్నది.

అమ్మ, మామ మాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూసున్నరు. ఆంటీని చూడంగనే అమ్మ లేసి జరిగి చోటిచ్చింది. ఇద్దరు పక్కపక్కన కూసున్నరు. "రవికె నువ్వే కుట్టుకున్నావా సారవ్వా? మెడ బాగా తిరిగింది" అన్నది ఆంటీ. "నువ్వు చెప్పినట్టే కత్తిరిచ్చిన అక్కా" అన్నది అమ్మ. అంతే మాట్లాడుకున్నరు.

నన్ను లోపలికి ఒక్కదాన్నే పిలిచిండ్రు. కమిటీ మేడం చీటీ మీద ఏదో రాస్తున్నది. కూసోమన్నది. ఇల్లు, బడి, తిండి అన్ని అడిగింది. తర్వాత కలం పక్కకు పెట్టింది.

"నీకు ఎక్కడ ఉండాలని ఉంది సంధ్యా?"

"అమ్మ ఎక్కడ ఉండమంటే అక్కడ మేడం."

"మీ అమ్మను అడిగిన. బిడ్డకు ఎక్కడ ఇష్టమైతే అక్కడ అన్నది. నువ్వేమో అమ్మ ఇష్టం అంటున్నవ్. ఇద్దరు ఒకరి మీద ఒకరు పెడితే నేనేం రాయాలె?"

నేను నవ్విన. మేడం నవ్వలె. ఎదురుచూసింది. బయట ఎవరో పిల్ల ఏడుస్తున్నది.

నస్పూర్ పోత అని చెప్పాలని బస్సుల పాఠం లెక్క అనుకుంట వచ్చిన. అది నోట్లనే ఉన్నది. చెప్తే అందరు సంతోషపడుతరు. అందరు అంటే ఎవరు? మామ ఒక్కడే.

"ఆంటీ వాళ్ల దగ్గర ఉంట మేడం. పది అయిపోయేదాక. ఇంటర్ కూడ. ప్రతి ఆదివారం అమ్మ దగ్గరికి పోత. రెండో ఆదివారం ఒక్కటే కాదు, ప్రతి ఆదివారం."

"అమ్మ అంటే భయమా?"

"ఉండె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేను పోయినప్పుడు ఆమె మిషన్ కుడుతది. నేను అంచు పట్టుకుంట."

మేడం అది కూడ రాసుకున్నది.

అందరిని పిలిచి, నేను ఆంటీ వాళ్ల దగ్గరనే ఉండాలని రాసింది చదివి వినిపించిండ్రు. నేను కిందికి చూడలె. అమ్మ మొఖం చూసిన. అమ్మ ఇని తల ఊపింది, బజార్ల ధర సరిపోయినప్పుడు ఊపినట్టు. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

మామ బయటికి వచ్చి మెట్ల మీద కూసున్నడు. నేను పోయి పక్కన కూసున్న. కోపం చేస్తడనుకున్న.

"నీకు తెల్వది కోడలా. ఆ నాలుగు రోజులు నేను ఫోటో పట్టుకొని ఎన్ని స్టేషన్లు తిరిగిన్నో. పెద్దపల్లి, జమ్మికుంట, కాజీపేట. ఎవలన్న పండుకొని ఉంటే దుప్పటి తీసి చూసుడు. ఇప్పుడు బాయిల దిగంగనే నాకు అదే భయం. మళ్ల పోతే ఎక్కడ దేవులాడాలె. నువ్వుంటే నాకు భయం ఉండదనుకున్న. ఆంధ్ర, తెలంగాణ అన్నది అంత ఉత్తదే. ఏదో ఒకటి అనాలె కాబట్టి అన్న."

మామకు గొళ్లెం సంగతి చెప్పిన. స్టేషన్లు తిరిగింది నా వల్లనే అని చెప్పిన. మామ భుజం మీది తువ్వాలతోని మొఖం తుడుసుకొని, "నడువు, చాయ తాగుదాం" అన్నడు.

అమ్మ వెనక నుంచి వచ్చింది. మా మాట ఇన్నదో ఏమో. "నేను ఎటు పోనన్నా. పోతే చెప్పి పోత, వచ్చి చెప్త" అన్నది.

"అప్పుడు కూడ గట్లనే అన్నవ్ సారవ్వా."

డిసెంబర్ 8

స్కూలుకు పోయిన. మమత, నా బెంచీ దోస్తు, ఎటు పోయినవ్ నిన్న అని అడిగింది. మా అమ్మను కలిసిన అని చెప్పిన. నీకు అమ్మ ఉన్నదా అన్నది. హాస్టల్ల ఉన్న ఐదు నెలలు తీసేస్తే మూడేండ్ల సంది ఒక్క బెంచీ మీద కూసుంటున్నం.

డిసెంబర్ 18, ఆదివారం

ఇయ్యాల నేను పోవుడు కాదు, అమ్మనే వచ్చింది. ఒక్కతే. నస్పూర్‌ల బస్సెక్కి గోదావరిఖని బస్టాండుల దిగింది. మామ పొద్దున్నుంచి అంకుల్‌కు మూడుసార్లు ఫోన్ చేసిండు. నేను బస్టాండుకు ముప్పావు గంట ముందే పోయి నిలబడ్డ. అమ్మ దిగి చీర కుచ్చిళ్లు సరిచేసుకొని చుట్టు చూసి, "ఈడ హోటల్ ఉండె గదా, తీసేసిండ్రా?" అన్నది.

ఆంటీ, అమ్మ కలిసి వండిండ్రు. నేను చెయ్యి పెడుతుంటే ఇద్దరు వద్దన్నరు. అన్నానికి కూసున్నంక అమ్మ, "అంచుకు ఏమన్న ఉన్నదా అక్కా" అన్నది. ఆంటీ లేసి చీర అంచు చూసుకున్నది. నేను నవ్వుకుంట చెప్పిన, అంచుకు అంటే నంజుకోడానికని. ఆంటీ ఆవకాయ తెచ్చింది. అంకుల్ నవ్వితే పొలమారింది. అమ్మ కూడ నవ్వింది. అమ్మ పళ్లు కనపడంగ నవ్వి ఎన్ని రోజులైందో నాకు తెల్వదు.

మధ్యాహ్నం అమ్మ నా పుస్తకాలు చూసింది. చదువరాదు, గని ఒక్కొక్కటి తీసి తిప్పి మళ్ల అట్లనే పెట్టింది. నేను పండుకునే మంచం చూసింది. దుప్పటి పట్టుకొని చూసి, "ఉతుకుతున్నవా?" అన్నది. "ఆంటీ ఉతుకుతది" అన్న. "రేపటి నుంచి నువ్వు ఉతుకు" అన్నది.

నాలుగు గంటలకు పోత అన్నది. అంకుల్ స్కూటర్ తాళం తీసిండు, నస్పూర్ దాక దింపి వస్త అన్నడు. అమ్మ చేతులు జోడిచ్చింది. "వద్దన్నా. ఒక్కదాన్నే పోత. పోయి చూపియ్యాలె మా అన్నకు."

బస్టాండు దాక నేను పోయిన. బస్సు ఎక్కినంక కండక్టర్‌కు చెప్దామనుకున్న, నస్పూర్‌ల దింపండి, కొద్దిగ చూసుకోండి అని. అమ్మ కిటికీల నుంచి నన్ను చూసి తల అడ్డంగ ఊపింది. చెప్పలె. బస్సు పోయింది.

నస్పూర్ ముప్పావు గంట. మామకు రెండో షిఫ్టు. బాయిలకు తీసుకపోనియ్యరని సెల్లు ఇంట్ల పెట్టి పోయిండు. చేరంగనే దాంట్ల నుంచి అమ్మ ఫోన్ చేస్తనన్నది. ఇంటికి వచ్చి నేను అంకుల్ ఫోన్ పక్కన కూసున్న.

ఐదు. రాలె.

ఐదుంబావు. ఆంటీ చాయ పెట్టింది. నేను తాగలె. అంకుల్ పేపర్ చదువుతున్నడు, పేజీ తిప్పుతలేడు.

ఐదున్నరకు నేను లేసి చెప్పులు తొడుక్కున్న. ఎక్కడికి పోవాల్నో తెల్వదు. అంకుల్ కూడ లేసి తాళం తీసుకున్నడు. "ఇంకో పది నిమిషాలు చూద్దామమ్మా" అన్నది ఆంటీ. "చూద్దాం. మనం వెళ్తే ఆవిడ మాట మనం నమ్మనట్టే కదా" అన్నడు అంకుల్. తాళం చేతులనే పెట్టుకొని కూసున్నడు. నేను చెప్పులతోనే కూసున్న.

ఆరుకు ఐదు నిమిషాలు తక్కువ ఉన్నప్పుడు మోగింది.

"బిడ్డా, నేను. ఇందారం కాడ బస్సు టైరు పోయింది. అందరం దిగినం. ఒక ముసలమ్మ భయపడుతుంటే ఆమెను పట్టుకొని నిలబడ్డ. వెనకొచ్చే బస్సు ఆపి ఎక్కిచ్చిండ్రు. ఆమెను శ్రీరాంపూర్‌ల దింపి నేను నస్పూర్‌ల దిగిన. ఇంట్లకెల్లే మాట్లాడుతున్న."

"ఊ" అన్న.

"ఏం చేస్తున్నవ్?"

"ఫోన్ కాడ కూసున్న."

"ఎప్పటిసంది?"

నేను కాళ్లకున్న చెప్పుల దిక్కు చూసిన. లోపల అత్త ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వస్తున్నది.

"లే ఇగ. లేసి మొఖం కడుక్కొని చదువుకో పో" అన్నది. గట్టిగనే అన్నది.

లేసిన.